నీలి నెత్తురు

మా నాన్న ఆ సినిమా చూడలేదు.
ఏ సినిమా అయినా చూడకుండానే బొమ్మ వేసేవాడు.
టెషీ రేవులో వీడియో హాలు నడిపే సోవా
క్యాసెట్టు అట్ట చేతిలో పెట్టి
కథ మూడు ముక్కల్లో చెప్పి పోయేవాడు:
"ఒక తల్లి. ఒక దొంగ. చివర్లో వాన."
తల్లికి ఎన్నేళ్లో, దొంగ ఎవరి కొడుకో,
వాన ఎవరి మీద కురిసిందో
అదంతా కుంచె చూసుకోవాలి.

రెండు పిండి బస్తాలు విప్పి, ఉతికి, కలిపి కుట్టేదాన్ని నేను.
ఆ కుట్టు సరిగ్గా తల్లి ముఖం మధ్యలోంచి పోయింది,
ఎడమ కన్ను ఒక బస్తాలో
కుడి కన్ను ఇంకో బస్తాలో.
ఇప్పుడు అక్రాలో నా క్లాసు పిల్లలు
తెర మీద దాని ఫోటో చూసి రాసుకుంటారు:
చీలిన మనసుకు సంకేతం.
కాదనను.
సూది మొద్దుబారి గీత వంకరపోయిందని కూడా అనను.

దొంగ గుండె దగ్గర రంగు పల్చబడి
మిల్లు ముద్ర పైకి తేలింది: యాభై కిలోలు.
"మనిషి ఖరీదెంతని అడుగుతోంది మేడమ్" అంటాడు సెలోమ్.
అడుగుతోందేమో.
మా ఇంట్లో ఆ రోజుల్లో
యాభై కిలోల పిండి ఎవరూ ఒక్కసారిగా కొనలేదు,
బేకరీ వెనక ఖాళీ బస్తాలు ఏరుకొచ్చేవాళ్లం.

ఇక నెత్తురు.
ఆ వారం ఎరుపు డబ్బా అడుగంటింది.
పాత బాకీ తీర్చనిదే కొత్తది ఇవ్వనన్నాడు కొట్టువాడు.
పడవకు పూయగా మిగిలిన నీలం ఉంది.
నాన్న కాసేపు గోడకేసి చూసి
కత్తి మొన నుంచి నీలం కార్చాడు.

పొద్దున్నే బస్తా హాలు ముందు వేలాడింది.
చేపలకు పొగబెట్టే అజెలే బుట్ట దించి నిలబడింది.
"ఇది ఆడమనిషి కాదు,
సముద్రమే చీర మార్చుకున్నట్టు మనిషి తోలు కట్టుకొచ్చింది" అంది.
మధ్యాహ్నానికి ఆ మాట రేవంతా పాకింది.
రాత్రికి బెంచీలు చాలలేదు.
సినిమాలో సముద్రం ఒక్క షాటులో కూడా లేదు.

వాన మొదలైంది. తలుపు. గడియ మీద చెయ్యి.
అప్పుడే స్పీకరు ఒక్క గురక పెట్టి చచ్చిపోయింది.
గోడ అవతల జనరేటరు మాత్రం డుగ్గు డుగ్గుమంటోంది,
అది ఆమె గుండె అనుకున్నాం.
డీజిలు అడుగున చెత్త తగిలి ఇంజను తడబడితే
బొమ్మ వణికింది,
ఆమె వణికిందనుకున్నాం.
దొంగ గుమ్మంలో తడుస్తూ నిలబడ్డాడు.
తల్లి పెదాలు కదిలాయి. ఏమందో ఎవరికీ తెలియదు.
చీకట్లో మూడో వరుస నుంచి అజెలే, మా గా భాషలో,
మెల్లగా అంది: "తిన్నావా?"

హాలు హాలంతా ఏడ్చింది.
సోవా కూడా, టిక్కెట్ల డబ్బా ఒళ్లో పెట్టుకుని.

ఇరవై రెండేళ్ల తర్వాత ఆ సినిమా శబ్దంతో సహా చూశాను.
నెత్తురు ఎర్రగానే ఉంది, నాలుగు చుక్కలు.
వాన మీద వయొలిన్లు కుమ్మరించారు,
ఎక్కడ ఏడవాలో చెయ్యి పట్టి చూపిస్తూ.
తల్లి అన్నది: "బయటికి పో."
నాకు మా ఇంటి గుట్టెవరో మార్చి చెప్పినంత కోపమొచ్చింది.

అందుకే మొదటి రోజు పిల్లలకు
ఏదో ఒక సీను మూగగా వేసి అడుగుతాను, ఏం వినిపిస్తోందని.
ఏసీ అంటారు. ఎవరి కడుపో అంటారు. నవ్వుతారు.

మొన్న పరీక్షలో అడిగాను:
పోస్టరులో నీలి నెత్తురుకు అర్థమేమిటి? పది మార్కులు.
పరాయితనం, శోకం, రాచరికం, సముద్రం:
పేజీల కొద్దీ రాశారు.
మామ్లే అనే పిల్ల, వాళ్ల నాన్న బోర్డులు రాస్తాడట,
ఒక్క లైను రాసి ఇచ్చింది:
"ఎరుపు అయిపోయి ఉంటుంది."

ఎన్ని మార్కులెయ్యాలో తోచక
రెండు రోజులుగా ఆ పేపరు పక్కన పెట్టాను.